గిలాస చప్పుడు కాని బుధవారం

బుధవారం సాయంత్రం ఏడుంబావుకు మా ఇంట్ల రావాల్సిన ఆమెన్ రాలేదు. టైము ఎట్ల ఎరుక అంటరేమో. గనిల నుంచి రిటైరైన నాడు శాలువ కప్పి చేతుల పెట్టిన గోడ గడియారం ఉన్నది మా ఇంట్ల. శాలువ ఎప్పుడో చినిగింది గని గడియారం ఇంకా నడుస్తుంది. ఏడు గంటలకు ప్రార్థన మొదలు, ఏడుంబావుకు ఆమెన్, ఆ వెనక కంచాలు. ఏండ్ల సంది ఇదే పద్ధతి. ఆ బుధవారం ఏడుంబావు దాటింది, ఏడున్నర కావచ్చింది, ఒక్కరి నోట ఆమెన్ రాలె. అందరు కండ్లు మూసుకోని కూసున్నరు. నేనొక్కన్నే తెరుచుకోని చూస్తున్న.

ఎందుకు రాలేదో చెప్పాలంటె ముందుగాల నా భక్తి ఎట్ల పుట్టిందో చెప్పాలె.

మహారాష్ట్రల ఈ బొగ్గు గనుల చుట్టుపక్కల తెలుగోళ్లల్ల నాకు ప్రార్థనపరుడని పేరు. మా ఊరు బామ్నికి వచ్చి మా ఇల్లు అడిగితె "ప్రార్థన పెద్దాయన ఇల్లా, గా నీలం తలుపు" అని చూపిస్తరు. ఆ పేరు నేను అడుక్కోలె, కష్టపడి తెచ్చుకోలె. సర్కారు దవాఖాన నుంచి గోళీలతోపాటు ఉచితంగ వచ్చింది.

నాకు ఎచ్ఐవి ఉన్నది. ఎట్ల వచ్చిందని అడిగెటోళ్లు ఉంటరు. వచ్చే తొవ్వలనే వచ్చింది. బల్లార్‌పూర్ గనిల పనిచేసే రోజులల్ల ఒంట్లె బలం ఉండె, జేబుల జీతం ఉండె, తలకాయల ఏమీ లేకుండె. గంతకన్న రాయ. నా భార్యకు పరీక్ష చేస్తె లేదన్నరు. దేవుడు కాపాడిండని ఆమె అన్నది, అదృష్టమని డాక్టర్ అన్నడు. నాకు ఇద్దరి దిక్కు చూసెటందుకు మొఖం లేకుండె.

దానికంటె ముందటి ముచ్చట ఒకటున్నది. అది చెప్పకపోతె నా భయం మీకు అర్థం కాదు. మా పాత కాలనీల నాతోని షిఫ్టుకు వచ్చే ఒకాయనకు ఇదే రోగమని బయటపడ్డది. పెద్దమనుషులం నలుగురం వాళ్లింటికి పోయినం. కంచం వేరు పెట్టుండ్రి, పిల్లలను దగ్గరికి రానియ్యకుండ్రి అని చెప్పినం. నలుగురిల నా గొంతే పెద్దది. వారం తిరగకముందె వాళ్ల కోడలు పిల్లలను తీస్కోని తల్లిగారింటికి పోయింది. ఆయన కంచం బయట అరుగు మీద బోర్లిచ్చి పెట్టిండ్రు. ఆయన చచ్చిపోయినంక సుత ఆ కంచం చాన దినాలు ఆడనే ఉండె, ఎవరు ముట్టలె. మరుసటేడు జ్వరం తగ్గక నేను దవాఖానకు పోతె రక్తం చూసి అదే పేరు చెప్పిండ్రు. దేవుడున్నడా లేడా అని అప్పటిదాక నాకు అనుమానం. ఆ దినం తీరింది. ఇంత కచ్చితంగ తిరిగిచ్చెటోడు ఎవడో ఒకడు ఉండకతప్పదు.

అప్పటిసంది నాకు ఒకటే కోరిక. నా కంచం అందరి కంచాలతోని కలిపి తోమాలె. గంతే. కొడుక్కు పెండ్లి చేసి కోడల్ని తెచ్చుకున్నంక ఆ కోరిక ఇంకింత గట్టి పడ్డది. కోడలు చంద్రపూర్‌ల పుట్టి పెరిగిన పిల్ల, చదువుకున్నది, మంచిది. అరుగు మీది కంచం వాళ్ల కోడలు సుత మంచిదే.

గోళీలు తప్పకుండ ఒకటే టైముకు మింగాలన్నరు. రెండు అర్రల క్వార్టర్‌ల ఎవరి కంట పడకుండ దినాం మింగుడెట్ల? నేను దొడ్డి తొవ్వ చూస్తున్న. నా భార్య వేరే తొవ్వ చూపిచ్చింది.

"ఇంట్ల అందరు ఒక్కసారే కండ్లు మూసుకునేదెప్పుడు?" అని అడిగింది.

"పండుకున్నప్పుడు."

"నీ బుద్ధి ఎప్పుడు మంచం మీదనే. ప్రార్థనల!"

గట్ల పుట్టింది మా కుటుంబ ప్రార్థన. మొదట్ల పొద్దున ఒక గోళి, పొద్దుగూకినంక ఒక గోళి. కాబట్టి రెండు పూటల ప్రార్థన. పండుగకు తప్ప చర్చి మొఖం చూడని మనిషి రెండు పూటల దేవుని ముందట కూసుంటుండని పాస్టరయ్య ముక్కు మీద వేలేసుకున్నడు. కొన్నేండ్లకు మందులు మార్చి అన్ని కలిపి దినానికి ఒకటే గోళి చేసిండ్రు. ఆ వారమే మా ఇంట్ల పొద్దటి ప్రార్థన బందైంది. పాస్టరయ్య ఇంటికొచ్చి, "ఏంది పెద్దాయనా, గిట్ల చల్లారినవు?" అని బాధపడ్డడు. పైనుంచి ఆర్డరొచ్చిందయ్యా అన్న. పైన అంటె ఆయన ఆకాశం దిక్కు చూసిండు. నేను ఢిల్లీ దిక్కు చూసిన.

ప్రార్థన జరిగే ఇంట్ల వాక్యం చదవాలని పట్టుబట్టింది సుత ఆ పాస్టరయ్యనే. నాకప్పుడు అక్షరం ముక్క రాకపోయేది. జీతం కాయితం మీద వేలిముద్ర ఏసినోన్ని. యాభై ఏండ్లు దాటినంక నా భార్య ముందట కూసోని అ ఆలు దిద్దిన. ఆమె పెండ్లికి ముందు మంచిర్యాల దిక్కు ఐదో తరగతి దాక చదివింది. బొగ్గుపెళ్లతోని షాబాదు బండ మీద రాసేది, తుడిచేది. ముప్పై ఏండ్లు బొగ్గు తవ్వినోనికి అది దేనికి పనికొస్తదో అప్పుడు తెలిసింది. తీరా నేర్చుకున్నంక చూస్తె నా దవాఖాన పుస్తకం మరాఠీల ఉంటది, గోళీల డబ్బ మీద ఇంగ్లీషు ఉంటది. నేను నేర్చింది తెలుగు. నా రోగం గురించి లోకం రాసింది నేను చదవలేను, నేను రాసింది మా ఇంట్ల నా భార్య తప్ప ఎవరు చదవలేరు. కొడుకు, కోడలు, మనుమరాలు ముగ్గురు మరాఠీ బడిల చదివినోళ్లు. తెలుగు గలగల మాట్లాడుతరు గని అక్షరం చూస్తె ముగ్గులనుకుంటరు. అందుకనే ఇదంత ఇంత ధైర్యంగ రాస్తున్న.

వాక్యం చదువుతుంటె నోరు తిరగని పదాలు తగిలేవి. అక్కడ నేనే ఒక పదం కల్పించి ముందుకు పోయేది. నా భార్య దగ్గేది. ఎన్ని దగ్గులో అన్ని తప్పులన్నట్టు. కోడలు కొత్తగ వచ్చినప్పుడు పాపం అత్తకు దమ్ము రోగం ఉన్నదనుకోని అల్లం, మిరియాలేసి కషాయం కాసిచ్చింది.

పద్ధతి ఇట్ల ఉండె. డబ్బల గోళీలు చప్పుడు చేస్తయని దూది కుక్కి, నా పాత గని టోపీల పెట్టి, అటక మీద దాచేది. ఏడుకు ముందు ఒకటి తీసి బనీను చోరుజేబుల ఏసుకునేది. వాక్యం నేను చదవాలె, ప్రార్థన ఆమె చెయ్యాలె. అందరు కండ్లు మూసి తలకాయలు వంచంగనే గోళి నోట్లె ఏసుకోని, కుడిచేతి పక్కన పెట్టి ఉన్న నీళ్ల గిలాస ఎత్తి తాగి, కింద పెట్టేది. స్టీలు గిలాస, షాబాదు బండ. ఎంత మెల్లగ పెట్టినా టక్ మంటది. ఆ వెనకనే నా భార్య ఆమెన్ అనేది. అందరు ఆమెన్ అనేటోళ్లు.

మొదట్ల ఉత్త గొంతుతోనే మింగేది, తర్వాత ఎప్పుడో గిలాస వచ్చింది; అది ఎవరు పెడ్తుండ్రని నేను ఎన్నడు ఆలోచించలె. భార్య పెడ్తదనుకున్న. మగోళ్లకు నీళ్లు వాటంతటవే వస్తయి కద.

ఒక దినం గోళి చేతుల నుంచి జారి దొర్లిపోయింది. కూసున్న కాడి నుంచి కనపడలె, లేచి ఎతికితె చప్పుడైతది. ఇంకో గోళి తీసి మింగిన గని ఆ రాత్రంత నిద్ర లేదు. ఎవరికి దొరికిందో, ఏమడుగుతరో అని. తెల్లారి సాయంత్రం వాక్యం చదువుదామని పుస్తకం తెరిస్తె, నేను చదవాల్సిన పేజీల చిన్న కాయితం పొట్లం. లోపట నా గోళి. నా ముసల్దే పెట్టిందనుకున్న. ప్రేమతోని కాకపోయినా పరువు కోసమైనా పెట్టిందనుకోని నోరు మూసుకున్న. ఆ ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పుమంటె, "నేను పోగొట్టుకున్నది నాకు వాక్యంలనే దొరికింది" అని ఒక్క మాట చెప్పి కూసున్న. ఆడోళ్లు కండ్లు తుడుచుకున్నరు. పాస్టరయ్య ఆ మాటను నాలుగు వారాలు ప్రసంగంల వాడుకున్నడు. ఇంటికొచ్చినంక నా భార్య, "ఏం పోయింది, ఏం దొరికింది? దేవుని ఇంట్ల సుత కతలేనా?" అన్నది. తెలిసీ తెల్వనట్టు చేస్తుంది, గడుసుది అనుకున్న.

ఇంకోటి. మనుమరాలు బడిల చేరిన ఏడు వాళ్ల టీచర్ బాయి కోడల్ని పిలిపిచ్చింది. పొద్దున ప్రార్థన అయిపోంగనే ఈ పిల్ల నీళ్ల సీసతోని బండ మీద టక్‌మని కొడ్తుందట, ఎంత చెప్పినా ఇంటలేదట. ఎందుకే అని అడిగితె "మరి ఎట్ల అయిపోతది?" అన్నదట. మేమందరం నవ్వినం. నేను అందరికంటె ఎక్కువ నవ్విన.

ఇగ సూది సంగతి.

దవాఖానల మాకు గోళీలిచ్చే కాడ మాట్లాడి ధైర్యం చెప్పే మేడం ఒకామె ఉన్నది. మరాఠీ ఆమె, నన్ను ఆజోబా అంటది, అంటె తాత. ఒక నెల గోళీలకు పోతె తలుపు దగ్గరికేసి చెప్పింది. "ఆజోబా, దినాం గోళి లేకుండ సూదితోని నడిచే మందు వచ్చింది. రెండు రకాల మందులు, రెండు సూదులు, రెండు పిర్రలకు. మొదటిది ఇచ్చిన నెలకు రెండోసారి, ఆ తర్వాత రెండు నెలలకొకసారి. ఇంక అందరికి రాలేదు. నాగ్‌పూర్‌ల ఒక దవాఖానల ఇచ్చి చూస్తుండ్రు. నీ రక్తంల వైరస్ దొరకకుండ అణిగి ఉన్నది, నువ్వు గోళి ఎన్నడు తప్పలె. పేరియ్యమంటవా?"

"లోపటికి పోయినంక రెండు నెలలు ఏం చేస్తది అది?"

"కండల కూసోని కొంచెం కొంచెం రక్తంల కలుస్తది."

నాకు అర్థమైంది. బొగ్గు పొయ్యి మీద బూడిద కప్పితె తెల్లారేదాక నిప్పు ఉంటది కద, గట్ల. ఆమె ఇంకా చెప్పింది: తారీఖు తప్పొద్దు, నడుమ బంద్ చేస్తె మళ్ల గోళీలకు రావాలె, లేకపోతె రోగం మందుకు అలవాటు పడి లొంగకుండ పోతది, కూసునే కాడ నొప్పి ఉంటది. అన్నిటికి తలకాయ ఊపిన. నా చెవుల ఒకటే పడ్డది: దినాం గోళి లేదు. డబ్బ లేదు, దూది లేదు, చోరుజేబు లేదు. కోడలి చేతికి దొరికెటందుకు ఇంట్ల ఏమీ ఉండదు. నా కంచం ఇగ చచ్చేదాక అరుగెక్కదు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పిన. ఆమె బియ్యం ఏరుతుంది. తల ఎత్తలె.

"రెండు నెలలకొకసారా? అయితె నీ భక్తి సుత రెండు నెలలకొకసారేనా?"

"ప్రార్థన నువ్వు చేస్కో. నేను వద్దంటనా?"

"నీ కోసమని మొదలు పెట్టిన. ఇన్నేండ్లు చేసి చేసి నాకు అలవాటైంది. నీకు కాలేదు, అదే ఆశ్చర్యం." ఒక మట్టిపెళ్ల ఏరి పారేసి, "పోదాం పా. నొప్పి అయితదంటున్నరుగ, మంచిదే" అన్నది.

మోకాలి నొప్పికి నాగ్‌పూర్‌ల మంచి సూది ఇస్తుండ్రని ఇంట్ల చెప్పినం. మంగళవారం పొద్దుగాల బల్లార్‌షా స్టేషన్ల రైలెక్కి పోయినం. దవాఖానల కాయితాల కట్ట ముందట పెట్టిండ్రు. ఇంగ్లీషుల ఉన్నది, హిందీల ఉన్నది, మరాఠీల ఉన్నది. అక్షరాలు నేర్చుకోని సుత వేలిముద్ర గాని లెక్క కూసున్న. ఒక పిల్ల డాక్టర్ మొత్తం హిందీల చదివి ఇనిపిచ్చి, అర్థమైందా అని మళ్ల మళ్ల అడిగి, సంతకం చెయ్యమన్నది. మెల్లగ నా పేరు తెలుగుల రాసిన. ఆమె కాయితం ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "బాబా, సంతకమేనా ఇది? బొమ్మ గీసిండ్రా?" అన్నది. నా జీవితంల నా అక్షరాలను అంత శ్రద్ధగ చూసినామె ఆమెనే.

సూదులు రెండు. కుడికొకటి, ఎడమకొకటి. గనిల బండ కింద కాలు పడ్డప్పుడు అరవలె, అప్పుడు సుత అరవలె. భార్య బయటనే కూసున్నది గని, "అయ్యిందా?" అని నవ్వుకుంటు అడిగింది. ఆ సాయంత్రం ఆఖరి గోళి ఏసుకొమ్మన్నరు, తెల్లారి నుంచి వద్దన్నరు. మంగళవారం ప్రార్థనల ఆఖరి గోళి మింగి గిలాస కింద పెట్టిన. టక్. ఆమెన్. అయిపోయిందనుకున్న.

ఇగ బుధవారం.

బుధవారం బుధవారం మా పక్కింటి చెల్లె ప్రార్థనకు వస్తది. మా ఇంటి ప్రార్థనల బలమున్నదని ఆమె నమ్మకం. నేను కింద కూసోలేక కుర్చీల మెత్త ఏసుకోని, అది సుత ఒక పక్కకు ఒరిగి కూసున్న.

"అన్నా, మోకాలికి సూది అన్నరు. కూసునే కాడ పట్టుకుంటుండ్రేంది?" అన్నది.

"నాగ్‌పూర్ డాక్టర్లు చెల్లె. వాళ్లకు తొవ్వ సరిగ తెల్వదు."

మనుమరాలు ఫక్కున నవ్వింది. కోడలు నవ్వలె. పొయ్యి మీద అన్నం పెట్టొచ్చి, చాప ఏసి, వచ్చి కూసున్నది. కొడుకు పేపర్ మిల్లు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కోని కూసున్నడు. నేను వాక్యం చదివిన. రెండు దగ్గులు పడ్డయి. అందరు కండ్లు మూసిండ్రు. నా చెయ్యి అలవాటుగ చోరుజేబులకు పోయి ఉత్తగ తిరిగొచ్చింది. పక్కకు చూస్తె నీళ్ల గిలాస ఉన్నది. ఎప్పటి లెక్క బండ మీద కాదు; నేను కుర్చీల ఉన్ననని నా చేతికందేటట్టు చిన్న స్టూలు ఏసి దాని మీద పెట్టి ఉన్నది. మా ముసల్ది ఎంత మర్చిపోయింది, ఇయ్యాల నీళ్లెందుకు అనుకున్న. ముట్టలె.

నా భార్య ప్రార్థన మొదలు పెట్టింది. ముందుగాల ఇంటోళ్లు, తర్వాత చర్చి, తర్వాత గనిల పనిచేసేటోళ్లు, మిల్లుల పనిచేసేటోళ్లు. దినాం అయితె అక్కడికి ఆమెన్ వచ్చేస్తది. రాలె. లక్కడ్‌కోట్‌ల ఉన్న మా చుట్టాలు సుత ప్రార్థనలకు వచ్చిండ్రు. వాళ్ల బర్రెలు వచ్చినయి. పక్కింటి చెల్లె "స్తోత్రం" అన్నది. నేను చూస్తున్న. నా మీద కోపం తీర్చుకుంటుందనుకున్న. కూసునే కాడ నొప్పి అని ఎరుకనే కద, ఇంకింత కూసోపెడ్తుందనుకున్న. ఆమె రోగులను తలుచుకున్నది, రోగులను చూసే నర్సులను తలుచుకున్నది, రెండు రాష్ట్రాల మంత్రులకు మంచి బుద్ధి అడిగింది. "బల్లార్‌షా మీదికెళ్లి పోయే రైళ్లన్నిటిని చల్లగ చూడు తండ్రీ" అన్నది. మా కొడుకు నుదురు చిట్లిచ్చిండు గని కండ్లు తెరవలె. చెల్లెకు పూనకమొచ్చినట్టు "స్తోత్రం, స్తోత్రం" అంటుంది. వంటింట్ల నుంచి అన్నం మాడే వాసన మొదలైంది. కోడలి ముక్కు అదిరింది. కండ్లు మాత్రం తెరవలె, లేవలె.

నాకు ఒక్కొక్కరి మొఖం చూస్తుంటె వింతగ అనిపిచ్చింది. వీళ్లు దేవుని మాట ఇంటున్నట్టు లేరు. చెవులు రిక్కిచ్చి ఇంకేందో చప్పుడు కోసం చూస్తున్నరు. మనుమరాలైతె తలకాయ వంచి, ఒక చెవి నా కుర్చీ దిక్కు పెట్టి ఉన్నది.

అప్పుడు కోడలు, కండ్లు మూసుకోనే, నెమ్మదిగ అన్నది:

"మామా, నీళ్లు తాగుండ్రి."

ఇన్నేండ్ల సంది ఎవరు ఇనొద్దని అంత మెల్లగ పెట్టిన గిలాస చప్పుడు మీదనే మా ఇల్లంత ఆమెన్ అంటుందని అప్పుడు తెలిసింది. నా భార్య సుత కండ్లు తెరిచి చూసేది కాదు. ఆమె సుత ఆ చప్పుడు కోసమే ఆగేది. గోళీ లేదన్న సంగతి ఆమె నిజంగనే మర్చిపోయింది.

పక్కింటి చెల్లె ఉన్నది. ఏం చెప్పాలె? "ఇయ్యాల వద్దు బిడ్డా" అన్న. "ఇగ దినాం అక్కర లేదు. నిన్న నాగ్‌పూర్‌ల ఇచ్చిండ్రు కద, దాంతోని."

కోడలు ఒక్క కన్ను తెరిచి నన్ను చూసింది. "గట్లనా? మరి ముందుగాల చెప్పొద్దా? అన్నం మాడిపోయింది. ఇప్పుడన్న పెట్టుండ్రి గిలాస!"

గిలాస ఎత్తి, రెండు గుక్కలు తాగి, స్టూలు మీద పెట్టిన. కట్టె స్టూలు, చప్పుడు సరిగ రాలె. మనుమరాలు లేచి దాన్ని తీసి బండ మీద టక్‌మని పెట్టింది.

"ఆమెన్" అన్నరు అందరు.

చెల్లె కండ్లు తుడుచుకోని, "ఇంత ప్రార్థన నేనెన్నడు చూడలె అన్నా. అయిపోయేదాక మీరు నీళ్లు సుత ముట్టలె" అని దండం పెట్టి పోయింది. ఆదివారానికల్లా చర్చిల తెలిసిపోయింది: మా ఇంటి మీదికి ఆత్మ దిగిందని, నేను ఉపాసముండి నీళ్లు సుత వద్దన్ననని.

చెల్లె పోయినంక వంటింటి గడప దగ్గర నిలబడ్డ. కోడలు మాడిన గిన్నె గీకుతుంది.

"నీకెప్పటి సంది ఎరుక?"

"పెండ్లైన ఏడే. ఊడుస్తుంటె గోళి దొరికింది. ఏం గోళో అని మందుల దుకాణంల చూపిచ్చిన. వాడు నన్ను పైకెంచి కిందికి చూసి, ఎవరిది అన్నడు."

"నువ్వేమన్నవు?"

"నాది అన్న." గిన్నె తిప్పింది. "మీ పేరు చెప్పాల్నా మరి? అప్పటిసంది ఆ గల్లీలకెంచి పోను. తర్వాత దవాఖానల అడిగితె కంచాలతోని, గిలాసలతోని రాదన్నరు. గోళి పొట్లం కట్టి మీ పుస్తకంల పెట్టిన. మీరేమో చర్చిల అద్భుతమని చెప్పుకున్నరు."

"ఆ నీళ్లు?"

"పొడి గొంతుతోని అంత పెద్ద గోళి ఎట్ల మింగుతరు? అత్తమ్మ పెడ్తలేదు, మీరు పెట్టుకుంటలేరు. నేనే పెట్టిన."

భార్య దిక్కు చూసిన. "నువ్వు పెట్టుకుంటున్నవనుకున్న" అన్నది ఆమె. పెండ్లైనప్పటి సంది నేను ఒక గిలాస నీళ్లు ముంచుకున్నది చూసిందో లేదో అడగలె.

కొడుకు చాప చుడుతు అన్నడు: "బాపు, నువ్వు దేవున్ని నమ్మెటోనివి కాదని నాకు చిన్నప్పటి సంది ఎరుక. రెండు పూటల ప్రార్థన అనంగనే ఏదో ఉన్నదనుకున్న. పెండ్లైనంక నీ కోడలు చెప్పింది."

"తెలిసి సుత మరి మీరెవరు అడగలేదేంది నన్ను?"

"మీరు దాచిండ్రు, మేం దాచినం" అన్నది కోడలు. "అసూ ద్యా మామా, ఇగ పోనియ్యుండ్రి. తిందాం రాండ్రి, మాడింది మీకే పెడ్త."

అరుగు మీది కంచం సంగతి ఆమెకు ఆ పూట చెప్పిన. ఆ ఇంటికి పోయి గట్టిగ మాట్లాడింది నేనే అని సుత చెప్పిన. ఆమె లేచి అందరి కంచాలు ఎత్తి పేర్చింది. కింద కొడుకుది, దాని మీద నాది, నా దాని మీద మనుమరాలిది. కండ్లు తెరిచే ఉన్న నేను, సరిగ చూసిన. బయట నల్లా నీళ్ల కాడ అన్ని ఒక్క తాననే తోమింది.

నెలకు మళ్ల నాగ్‌పూర్ పోయి రెండో సూది ఏసుకోని వచ్చిన. ఈసారి మోకాలు అని ఎవరం అనలె. కోడలు తొవ్వల తినుమని చపాతీలు కట్టిచ్చింది, రైల్ల ఏసుకోని కూసుండెటందుకు మెత్త ఇచ్చింది. సాయంత్రం ఏడుకు ప్రార్థన మాత్రం బంద్ కాలె. గోళి లేదు గని నా పక్కన నీళ్లు పెడ్తనే ఉన్నది. తాగుతనే ఉన్న. తాగి పెట్టకపోతె మా ఇంట్ల ఎవరికి ఆమెన్ రాదు.

ఆ బుధవారం అక్కడున్నోళ్లు: కండ్లు మూసుకోని నా భార్య, మిల్లు నుంచి అలిసి వచ్చిన మా కొడుకు, అన్నం మాడుతుంటె లేవకుండ కూసున్న మా కోడలు, గిలాసకు చెవి పెట్టిన మా మనుమరాలు, స్తోత్రమన్న పక్కింటి చెల్లె, ఒక పక్కకు ఒరిగి కూసున్న నేను. దేవుడు సుత ఉన్నడని చెల్లె ఇప్పటికి సాక్ష్యం చెప్తది. నేనైతె చూడలె. ఆ ఇంట్ల కండ్లు తెరిచి ఉన్నోన్ని నేనొక్కన్నే.